చాడీ వినే చెవి

గుడివాడ చుట్టుపక్కల పుట్టిన తమ్ముడెవరైనా, చెల్లెలెవరైనా ఆ మాట వినకుండా పెరగలేదు: "నిన్ను తవుడిచ్చి కొన్నాం." తెలుగువాళ్ళు ఎక్కడున్నా అనుకునే మాటే గాని, మా వైపు దానికి బలం ఎక్కువ. గుడివాడ బియ్యం మిల్లుల ఊరు. మిల్లు వెనకాల తవుడు బస్తాలు కళ్ళెదుట కనిపిస్తుంటాయి. ఇంట్లో పాడిగేదెకు కుడితిలో రోజూ కలిపేది ఆ తవుడే. ఇక నాలుగేళ్ళ పిల్లకు ఆ మాటను కొట్టిపారెయ్యడానికి ఆధారమేం దొరుకుతుంది? మొదట నవ్వుతుంది. తరవాత అక్క మొహంలోకి అనుమానంగా చూస్తుంది. "ఎంత తవుడు?" అని అడుగుతుంది. "రెండు కుంచాలు" అని అక్క తడుముకోకుండా చెప్పేసరికి పెదవి వణకడం మొదలవుతుంది. కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి అమ్మ దగ్గరికి పరుగెడుతుంది.

16వ శతాబ్దంలో సూరదాసు వ్రజభాషలో పాడిన పదాల్లో బలరాముడు కృష్ణుణ్ణి సరిగ్గా ఇలాగే ఉడికిస్తాడు. నిన్ను వెల పెట్టి కొన్నారు, నందుడూ తెలుపే, యశోదా తెలుపే, నువ్వొక్కడివే నలుపెందుకయ్యావంటాడు. చుట్టూ ఉన్న గొల్లపిల్లలు చిటికెలు వేసి నవ్వుతారు. కృష్ణుడు ఆట మానేసి వచ్చి అమ్మకు చెప్పుకుంటాడు. యశోద ఆలమంద మీద ఒట్టు పెట్టి, నేనే తల్లిని, నువ్వే కొడుకువి అంటుంది. గోకులంలో ఆవుల మీద ఒట్టంటే ఇంటి ఆస్తంతటి మీదా ఒట్టు. పిల్లవాడి ప్రశ్న ఎంత పెద్దదో ఆ తల్లికి తెలుసు గనకే అంత పెద్ద ఒట్టు వేసింది. ఎవరూ నేర్పకపోయినా పిల్లలకు ఎక్కడ గుచ్చితే తగులుతుందో తెలుస్తుంది. బొమ్మ నాదంటే పోట్లాట అవుతుంది, సాయంత్రానికి మరిచిపోతారు. నువ్వసలు ఈ ఇంటివాడివే కాదంటే మాత్రం అది అమ్మ తేల్చాల్సిన సంగతి.

మన పోతన భాగవతంలో అదే అన్న ఇంకో పని చేస్తాడు. తోటిపిల్లలతో కలిసి వచ్చి, తమ్ముడు మన్ను తిన్నాడని అమ్మకు చాడీ చెప్తాడు. ఆ ఘట్టం అనగానే అందరికీ నోట్లో కనిపించిన బ్రహ్మాండం గుర్తొస్తుంది. నాకు అంతకు ముందు జరిగినదే ఎక్కువ ఇష్టం. ఫిర్యాదు తెచ్చింది పెద్దవాడు, వెనక ఊళ్ళో పిల్లలందరూ సాక్ష్యం. నింద పడ్డది చిన్నవాడి మీద. యశోద ముందు చెయ్యి పట్టుకుని గదమాయించింది. తినలేదు, వాళ్ళు కల్పించి చెప్తున్నారు, కావాలంటే నోరు వాసన చూసుకో అన్నాడు వాడు. పెద్దవాడు చెప్పాడు గనక నిజమేనని ఆమె తేల్చెయ్యలేదు. చిన్నవాడు ముద్దొస్తున్నాడు గనక అబద్ధమై ఉంటుందనీ సరిపెట్టుకోలేదు. ఏదీ, తెరువు అంది. వంగి చూసింది.

తోడబుట్టినవాళ్ళ కథలు చదివే కొద్దీ, చూసే కొద్దీ నాకు ఈ ఒక్క సంగతి బలపడుతూ వచ్చింది. ఉడికించుకోవడం, వెక్కిరించుకోవడం, పోటీ పడటం ఏ ఇంట్లోనైనా ఒకేలా మొదలవుతాయి. అది పెరట్లో ఆగుతుందా, కురుక్షేత్రం దాకా పోతుందా అన్నది మాత్రం చాడీ విన్న మనిషిని బట్టి ఉంటుంది. అన్నదమ్ముల కథ, అక్కచెల్లెళ్ళ కథ అని మనం చెప్పుకునేదాంట్లో సగం వాళ్ళ తగువు విన్న పెద్దల కథ.

మా నాన్న పని మీద బందరు వెళ్తే తొక్కుడు లడ్డూ తెచ్చేవాడు. శనగపిండితో పూస వండి, దాన్ని రోట్లో దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ తొక్కి తొక్కి చుట్టే లడ్డూ అది. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది గాని చేత్తో విరిస్తే సమానంగా విరగదు, పొడి రాలుతుంది. పొట్లంలో ఆఖరి లడ్డూ మిగిలినప్పుడు అమ్మ పెట్టిన నియమం ఒకటుండేది: విరిచేది ఒకరు, ఎంచుకునేది రెండోవాళ్ళు. అక్క విరిచే వంతు వచ్చిందంటే పళ్ళేన్ని కిటికీ వెలుతురులోకి జరుపుకుని, కళ్ళు ఆ అంచుకు సమానంగా ఉండేలా గచ్చు మీద బోర్లా పడుకునేది. బొటనవేళ్ళు రెండూ లడ్డూ నడిమధ్య ఆనించి ఊపిరి బిగబట్టి విరిచేది. ఏ ముక్క చిన్నదనిపిస్తే రాలిన పొడిని చూపుడువేలితో అద్ది దాని మీద పెట్టేది. చెయ్యి వణకాలని నేను పక్కన కూర్చుని "ఎడంది పెద్దదైపోతోంది, ఎడంది పెద్దదైపోతోంది" అని రాగం తీసేవాణ్ణి. తను "నోరుముయ్యరా" అనేది గాని ముక్కల మీంచి కన్ను తిప్పేది కాదు. అమ్మ పొయ్యి దగ్గర తన పని తను చూసుకునేది. నియమం ఉంది గనక ఆవిడ వచ్చి చూడాల్సిన అవసరం రాలేదు. మా వేళాకోళాలన్నీ ఆ నియమం నీడన సాగాయి.

హస్తినాపురంలో అలాంటి నియమం లేకపోయింది.

దాయాదుల వైరం అనగానే మనం జూదం దగ్గర మొదలుపెడతాం. వ్యాసుడూ, ఆయన వెనక నన్నయా చెట్టెక్కిన పిల్లల దగ్గర మొదలుపెట్టారు. భీముడు బలిసినవాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్ని జుట్టు పట్టుకుని ఈడుస్తాడు. ఈతకు దిగితే పదిమందిని ఒక్కసారిగా చేతుల్లో ఇరికించుకుని మునుగుతాడు, ఊపిరాడక గింజుకునేదాకా వదలడు. వాళ్ళు పళ్ళ కోసం చెట్టెక్కితే మొదలు పట్టి ఊపుతాడు, కాళ్ళతో తంతాడు. పళ్ళూ పిల్లలూ కలిసి కిందపడతారు. వ్యాసుడు అక్కడే ఒక మాట జాగ్రత్తగా చేరుస్తాడు: ఇదంతా పిల్లతనంతో చేసిందే, మనసులో ద్రోహం లేదని. ఆ మాట ఆయన భీముణ్ణి వెనకేసుకురావడానికి అన్నాడని నేననుకోను. ఉడికించేవాడి మనసు తేటగా ఉండొచ్చు, ఉడికినవాడికి అది చేరకపోవచ్చు. నూరుగురిలో ఒకడు ఆ నవ్వుల్ని గుర్తుపెట్టుకున్నాడు.

తరవాత గంగ ఒడ్డున ప్రమాణకోటి దగ్గర జరిగింది అందరికీ తెలుసు. తిండిలో విషం కలిపి, స్పృహ తప్పినవాణ్ణి తీగలతో కట్టి నీళ్ళలోకి తోశారు. నాగలోకం దాకా పోయి భీముడు బతికి తిరిగొచ్చాడు. వచ్చి జరిగిందంతా చెప్తే ధర్మరాజు ఏమన్నాడు? ఈ మాట ఎక్కడా పైకి రానీకు అన్నాడు. అంతకు ముందే, కొడుకు కనపడక కుంతి తన అనుమానం విదురుడితో చెప్పుకుంటే ఆయన చెప్పిందీ అదే: బయటపెట్టకమ్మా, మిగిలిన పిల్లల్ని కాపాడుకో. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఇంటిపెద్ద ధృతరాష్ట్రుడు బతికే ఉన్నాడు. తాత భీష్ముడున్నాడు. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాణ్ణి చంపబోతే ఆ ఫిర్యాదు ఏ పెద్దమనిషి ముందుకూ వెళ్ళలేదు. వెళ్ళినా వినే చెవి లేదని ధర్మరాజుకు ఆ వయసులోనే అర్థమైపోయింది. భారతంలో మొదటి ఓటమి అది. జూదం చాలా తరవాత.

మయసభలో తనను చూసి నవ్వారన్న దుఃఖం దుర్యోధనుడు తెచ్చి వినిపించింది కూడా తండ్రికే. చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డవాడు పెద్దయ్యాక నీటిమడుగులో పడ్డాడు, అవే గొంతులు నవ్వాయి. ధృతరాష్ట్రుడు విన్నాడు, వద్దన్నాడు, మళ్ళీ విన్నాడు, చివరికి జూదానికి సరేనన్నాడు. యశోద చేసిన పని ఈయన చేసి ఉంటే? రెండో పక్షాన్ని పిలిచి, ఏదీ నోరు తెరవండి అని ఉంటే?

మా డెల్టాకు ఈ తగువు పుస్తకంలోంచి కంటే స్టేజీ మీంచి ఎక్కువ వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ఇక్కడ చదువు రానివాళ్ళ నోట కూడా ఆడాయి. ఆ జంటలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసినవారు. పాండవుల పక్షాన అంత గట్టి పద్యం పలికిన ఇదే నేల మీద, గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు కురుక్షేత్ర సంగ్రామం అనే నాటకం రాసి కౌరవుల తరఫున వాదించారు. ఆ వాదం అక్కడితో ఆగలేదు. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావుగారు 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ తీసి, కొండవీటి వేంకటకవిగారి మాటలతో కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు వేషాలూ తానే వేశారు. అన్నగా పుట్టి తమ్ముళ్ళ మీద విల్లెత్తినవాడికీ, ఆ తమ్ముళ్ళ మీద పగబట్టినవాడికీ, వాళ్ళకు అండగా నిలిచినవాడికీ ఒకటే మొహం. సినిమా కొలతలెలా ఉన్నా, ఆ మూడు వేషాలు ఒక్క మనిషిలోనే పట్టడం అన్నదమ్ముల తగువు గురించి చాలా లోతైన మాటని నాకనిపిస్తుంది. దుర్యోధనుడి మాట పూర్తిగా వినాలన్న పట్టుదల మా వైపు మనుషులకు ఎందుకంత ఉందో ఆలోచించాలి. అన్నదమ్ముల పంపకాల్లో రెండో పక్షం మాట వినకపోతే ఏమవుతుందో పొలాలున్నవాళ్ళకు తెలుసు.

మా ఊళ్ళో బోదె నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి పలకరింపులు మానేసిన అన్నదమ్ములిద్దరు ఉండేవాళ్ళు. శ్రీరామనవమి పందిట్లో రాయబారం ఆడిన రాత్రి అన్న స్టేజీకి కుడివైపు, తమ్ముడు ఎడమవైపు చాప వేసుకుని కూర్చునేవాళ్ళు. హార్మోనియం శృతి సవరించుకునేదాకా ఇద్దరూ చుట్టలు కాల్చుకుంటూ పక్కవాళ్ళతో దాళ్వా సంగతులు మాట్లాడేవాళ్ళు. కృష్ణుడు అయిదూళ్ళ మాట ఎత్తేసరికి ఇద్దరి చుట్టలూ ఆరిపోయేవి. పద్యం దిగగానే కుడినుంచీ ఎడమనుంచీ ఒకేసారి "వన్స్ మోర్!" ఎవరికి వారు తామే ధర్మరాజులమనుకుంటూ విన్నారు. వాళ్ళ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ తగువు లేదు. పొద్దున్నే పార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి, ఈ చేలోకి ఇంతసేపు, ఆ చేలోకి ఇంతసేపు అని చెప్పి మడవ కట్టించేవాడట ఆయన. కొడుకులిద్దరూ ఆయన ముందే ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళు, పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. అదే దెప్పు ఆయన పోయాక కోర్టు దాకా వెళ్ళింది.

అక్కచెల్లెళ్ళ కథల్లో కద్రువ, వినతలది నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది. ఇద్దరూ దక్షుడి కూతుళ్ళు, ఇద్దరూ కశ్యపుడి భార్యలు. కద్రువ వెయ్యిమంది కొడుకుల్ని కోరింది, వినత వాళ్ళకంటే బలవంతులైన ఇద్దర్ని చాలంది. వరాలిచ్చి కశ్యపుడు తపస్సుకు వెళ్ళిపోయాడు. కద్రువ గుడ్లు ముందు పగిలి పాములు బయటికొచ్చాయి. వినత తన గుడ్లు రెండూ చూసుకుంది. కదలిక లేదు. తోడబుట్టినదాని ఇంట్లో సందడి వింటూ తన ఇంటి నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక ఒక గుడ్డు పగలగొట్టేసింది. నడుం కింద దేహం ఏర్పడని అనూరుడు పుట్టాడు. తోటిదాని మీద అసూయతో నన్నిలా చేశావు, దానికే దాసివి కమ్మని శపించాడు. సముద్రపు ఒడ్డున తెల్లగుర్రం తోక రంగు మీద అక్కచెల్లెళ్ళు పందెం కాసుకున్నది ఆ తరవాతే. సరదా మాటలా మొదలైంది. తెల్లారి చూద్దామనుకుని ఇళ్ళకు పోయారు. ఆ రాత్రే కద్రువ కొడుకుల్ని పిలిచి గుర్రం తోకకు నల్లగా వేలాడమంది. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుకలో నడిచినప్పుడు నాకు వాళ్ళిద్దరే గుర్తొస్తారు. ఇంత జరిగినా ఆ ఇంట్లో ఒక్క పెద్ద మాట వినపడదు. తీర్పు చెప్పేవాళ్ళు లేని ఇంట్లో పందెమే తీర్పు అయిపోయింది.

ఇక మావాళ్ళ సినిమా సంగతి. ఈ విషయం మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అదే గనక కొంచెం తీరిగ్గా చెప్తాను. గుండమ్మ కథ 1962 జూన్ 7న వచ్చింది. విజయావారు మద్రాసులో తీశారు. మూలం 1958 నాటి కన్నడ చిత్రం మనె తుంబిద హెణ్ణు. అయినా మనుషుల్ని చూస్తే సగం కృష్ణా డెల్టాయే. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు 1911లో బందరులో పుట్టి, కృష్ణాపత్రికలో సినిమా విమర్శలు రాసి, తరవాత సినిమాల్లోకి వెళ్ళినవారు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగి, అక్కడి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసినవారు. సంగీతం గుడివాడ పక్క చౌటపల్లి ఘంటసాలగారిది. అన్నగా వేసింది నిమ్మకూరు రామారావుగారు, తమ్ముడిగా వేసింది గుడివాడ దగ్గర రామాపురం అక్కినేని నాగేశ్వరరావుగారు.

గుండమ్మకు గయ్యాళి అన్న పేరు స్థిరపడిపోయింది. సూర్యకాంతంగారి గొంతు అలాంటిది. నాకు మాత్రం ఆమెలో కనిపించేది తప్పు తీర్పు చెప్పిన ఇంటిపెద్ద. సవతి కూతురు లక్ష్మి, సొంత కూతురు సరోజ. ఇంటి చాకిరీ అంతా ఒకదానిది, అలంకారమంతా ఒకదానిది. గమనిస్తే ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ ఎదురుబొదురు నిలబడి జుట్టూ జుట్టూ పట్టుకోరు. పట్టుకోవాల్సిన అవసరం లేదు, వైరమంతా వంటింటి ఏర్పాటులోనే ఉంది. ఒకరు కడిగే అంట్లు, ఇంకొకరు తిన్నవి. ఉడికించడానికి కూడా ఇద్దరూ సమానులై ఉండాలి. లక్ష్మికి ఆ హక్కే లేదు. సావిత్రిగారు తల వంచుకుని పని చేసుకుపోతుంటే, ఆ మౌనంలో ఎన్నాళ్ళుగా చెప్పుకోని ఫిర్యాదులున్నాయో కనపడుతుంది. జమునగారి సరోజ పొగరుబోతే గాని నష్టపోయింది ఆమె కూడా. కథ రెండో సగంలో తోటపనికి వంగాల్సి వచ్చినప్పుడు, అమ్మ తనకు నేర్పనివన్నీ ఒక్కసారిగా ఎదురొస్తాయి.

ఆ ఇంటికి ఎదురుగా ఇంకో ఇల్లు పెట్టారు. ఎస్.వి.రంగారావుగారి ఇల్లు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నిక్కరు తొడుక్కుని గుండమ్మ ఇంట్లో పనివాడిగా చేరి రుబ్బురోలు ముందు కూర్చుంటాడు. చిన్నవాడు సూటు వేసుకుని సరోజ వెంట తిరుగుతాడు. కష్టం అన్నది, షికారు తమ్ముడిది. గుండమ్మ ఇంట్లో అయితే ఈ పంపకమే విషమయ్యేది. ఇక్కడ అన్నదమ్ములిద్దరూ కలుసుకుని ఒకరి అవస్థ చూసి ఒకరు నవ్వుకుంటారు. ఎందుకంటే ఆ ఆటలో తండ్రికి కూడా పాలుంది, ఆయనకు ఇద్దరూ ఒక్కటేనని ఇద్దరికీ తెలుసు. వేషాలు ఎవరికి ఏవి పడినా ఆ ఇంట్లో కొడుకుగా ఎవరి చోటు వాళ్ళకుంది.

తెర బయట ఈ కథకు ఇంకో పొర ఉంది. రామారావుగారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభై తొమ్మిదోది. ఒకే ప్రాంతం నుంచి వెళ్ళిన ఇద్దరి మధ్య పోటీ, దాన్ని ఇళ్ళల్లో అన్నదమ్ములు పంచుకుని కొట్టుకునేంత అభిమానం. మా వైపు ఒకే కంచంలో తిన్నవాళ్ళు కూడా రెండు జట్లుగా విడిపోయేవాళ్ళు. ఎవరి పేరు ముందు వెయ్యాలి? గుండమ్మ కథలో నటీనటుల పేర్లే వెయ్యలేదు. అందరికీ తెలిసిన మొహాలు, ఫోటోలు మాత్రం చూపించారు. విరిచేది ఎవరైనా తగువు రానంత జాగ్రత్తగా చేసిన పంపకం అది.

అదే ఏడాది నవంబరులో రక్తసంబంధం వచ్చింది. జూన్‌లో భార్యాభర్తలుగా కనిపించిన రామారావుగారూ సావిత్రిగారూ అందులో అన్నాచెల్లెళ్ళు. మా అమ్మ తరంలో దాన్ని చూసి ఏడవని ఆడమనిషి లేదు. నాకు దాని మీద గౌరవం ఉంది గాని, ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య త్యాగం ఎక్కువ, తగువు తక్కువ. తోడబుట్టినవాళ్ళ ప్రేమ నాకు తగువులోనే ఎక్కువ కనిపిస్తుంది. యాభై ఏళ్ళ తరవాత 2013 సంక్రాంతికి వచ్చిన సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టులో అన్నదమ్ములకు పేర్లు కూడా ఉండవు, పెద్దోడు, చిన్నోడు, అంతే. ముక్కోపి అన్న, మాటకారి తమ్ముడు, ఒకరిని చూసి ఒకరు ఉడుక్కునే ఆ ఇద్దర్లో నాకు మళ్ళీ అసలైన ఇల్లు కనపడింది.

అన్నాచెల్లెళ్ళ తగువుకు సినిమాలో సాటిలేనిది 1957 నాటి మాయాబజార్. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు, మనవాళ్ళు అల్లుకున్నది. మొవ్వ పక్కన కూచిపూడిలో శశిరేఖా పరిణయం ఆడతారు. సినిమాకు కథా మాటలూ పాటలూ పింగళివారివే. ఎందుకల్లుకున్నారో డెల్టాలో పెరిగినవాళ్ళకు వివరించక్కర్లేదు. అన్న కూతురు చెల్లెలి కొడుక్కి రావాలన్న మేనరికం మాట ప్రతి ఇంట్లో ఉంది, ఆ మాట తప్పిన రోజు తెగిపోయిన పుట్టిళ్ళూ ఉన్నాయి. బలరాముడు సుభద్రకు మాట ఇచ్చాడు. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక వదిన రేవతి మొహం మారింది, అన్న మాట మారింది. సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని పుట్టింట్లో నిలబడి, ఇచ్చిన మాట ఏమైందని అన్నను అడుగుతుంది. ఋష్యేంద్రమణిగారి ఆ సుభద్ర గొంతులో ఆశ ఉండదు, హక్కు ఉంటుంది. భాగవతం ప్రకారం ఈ బలరాముడే ఒకప్పుడు సుభద్రను దుర్యోధనుడికే ఇవ్వాలనుకున్నాడు. అంటే ఆమెకు ఈ అన్నతో ఇది రెండో లెక్క. మొదటిసారి తన పెళ్ళి, ఇప్పుడు తన కొడుకు పెళ్ళి.

ఇక్కడ తీర్పు చెప్పాల్సిన పెద్దవాడే తప్పు చేశాడు. అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? ఆ కథ ఇచ్చే జవాబు నాకు ఎంతో విలువైనది: ఉడికించే తమ్ముడికి. కృష్ణుడు అన్నను ఎదిరించడు. సభ పెట్టి నిలదీయడు. అవునన్నయ్యా అంటూనే ఘటోత్కచుడి చేత ఒక మాయా విడిది కట్టించి, మాయా శశిరేఖను పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టి, అన్న ఎవర్ని నమ్మాడో వాళ్ళ అసలు రంగు అన్న కళ్ళకు చూపిస్తాడు. తెరిచినవాళ్ళకు తమకిష్టమైనది చూపించే ప్రియదర్శిని పెట్టెలో బలరాముడికి దుర్యోధనుడు కనిపించిన నాడే తమ్ముడికి సంగతి అర్థమైపోయింది. ఆ పెళ్ళి సందడంతా, ఆ వివాహ భోజనమంతా ఒక తమ్ముడు అన్నను ఆటపట్టించడమే. చిన్నప్పుడు మన్ను తిన్నాడని చాడీ చెప్పిన అన్నకు, పెద్దయ్యాక తమ్ముడు చెప్పిన బుద్ధి అది. బలరాముడు చిన్నబోడు, ఇల్లు విరగదు, చెల్లెలికి న్యాయం జరుగుతుంది.

కాని ఇళ్ళన్నిటిలో కృష్ణుళ్ళుండరు. మా డెల్టాలో ఆడపిల్లకు పొలం అంటే పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరమో, ఎకరమో. ఇచ్చినంత పుచ్చుకోవాలి, ఎంతని అడగకూడదు. తెర మీద చెల్లెలి కోసం కన్నీరు పెట్టుకున్న నిమ్మకూరు రామారావుగారే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించారు. 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే వాటా వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అంటే మా అక్కచెల్లెళ్ళ తరానికి తగువు వినే పెద్దగా చట్టం వచ్చి కూర్చుంది. వాటా పుచ్చుకున్నవాళ్ళున్నారు. రిజిస్ట్రారు ఆఫీసు బల్ల ముందు తమ్ముడు చూపించిన చోట హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టి, బయటికొచ్చి టీ తాగి, దివిసీమ బస్సెక్కిన అక్కల్నీ నేను చూశాను. ఆ తరవాత పండక్కి పుట్టింటికొచ్చినప్పుడు వాళ్ళ వేళాకోళంలో ఏదో ఒక మాట దగ్గర గొంతు ఆగుతుంది, అది తమ్ముడికీ తెలుస్తుంది.

ఈ తరం అక్కాతమ్ముళ్ళ కథ, అన్నాచెల్లెళ్ళ కథ నాకు ఇంకా తనివితీరా దొరకలేదు. అన్నదమ్ముల పంపకాల మీద మనవాళ్ళు ఎంతో రాశారు. సుభద్ర అడిగింది అన్న ఇచ్చిన మాట. ఇప్పటి చెల్లెలు అడిగేది సర్వే నంబరు. ఆమెను ఆస్తికి ఆశపడ్డ మనిషిగానూ, ఆయన్ని దుర్మార్గుడిగానూ చేసేస్తే కథ సులువుగా అయిపోతుంది. అలా కాకుండా ఇద్దరూ ఒకే గచ్చు మీద పెరిగినవాళ్ళుగా, ఒకరి బలహీనత ఒకరికి కంఠతా వచ్చినవాళ్ళుగా రాయాలి. "నీ పెళ్ళికి రెండెకరాలు అమ్మారు కదే" అని అన్న అనాలి. "నీ చదువుకు ఎన్ని అమ్మారో చెప్పు అన్నయ్యా" అని చెల్లెలు నవ్వుతూనే అడగాలి. ఆ నవ్వు నిజంగా ఉండాలి. ఇన్నాళ్ళూ మన కథల్లో వంటింట్లోంచి "పోనీవే, వాడితో నీకెందుకు" అనే అమ్మ, ఈసారి తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి ఇద్దరి మధ్యా కూర్చోవాలి. రాసేవాళ్ళు ఆమె చేత పూర్తిగా మాట్లాడించాలి.